స్వయం నమోదు: ఖాతా తాళంచెవి ఎవరి చేతిలో?

కరెంటు బిల్లు, నీటిపన్ను, రైలు టికెట్టు, ఆదాయ ధ్రువపత్రం - ఒకప్పుడు వీటిలో ప్రతిదానికీ ఒక కిటికీ, ఆ కిటికీ ముందు ఒక వరుస ఉండేవి. నేడు ఆ కిటికీలలో చాలాభాగం ఇంటర్నెట్టులోని పోర్టళ్లుగా మారినవి. ఏ ఉద్యోగి ప్రమేయమూ లేకుండా వినియోగదారుడు తన వివరాలను తానే నింపి, పోర్టల్‌లో తన ఖాతాను తానే తెరచుకొనే ఏర్పాటును స్వయం నమోదు అంటారు. చూడటానికి ఇది నాలుగు గడులు నింపి ఒక మీట నొక్కడమే. కాని ఆ నాలుగు గడులను ఏ క్రమంలో, ఏ షరతులతో అమర్చాలన్నది సంస్థకు పెద్ద బాధ్యత. అమరిక సడలితే ఒకరి ఖాతాలోకి మరొకరు ప్రవేశిస్తారు. మరీ బిగిస్తే అసలు యజమానియే బయట నిలబడిపోతాడు.

మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దున ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఈ విషయానికి అదనపు ప్రాముఖ్యం ఉన్నది. రాజురా, బల్లార్‌పూర్, గోండ్‌పిప్రి, కోర్పనా, జివతి ప్రాంతాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నవి. వారి పేర్లు తెలుగు పద్ధతిలోను, కార్యాలయ పత్రాలు మరాఠీలోను, పోర్టల్ గడులు ఇంగ్లీషులోను ఉంటాయి. పనులకోసం ఏటా కొన్ని నెలలు సరిహద్దు దాటివెళ్లే కుటుంబాలూ ఉన్నవి. ఇటువంటి చోట స్వయం నమోదు ఎలా పనిచేయాలి, ఎక్కడ తప్పుతుంది, సంస్థలు దానిని ఎలా ఏర్పరచుకోవాలి, వినియోగదారుడు ఏమి చూసుకోవాలి అన్నవి క్రింద వివరింపబడినవి.

కిటికీ నుంచి పోర్టల్ దాకా

తెలుగువారికి ఈ మార్పు కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో హైదరాబాదులో ట్విన్స్ అనే పేరుతో ప్రయోగాత్మకంగా ఒక సేవాకేంద్రాన్ని తెరచినది. అదే 2001లో ఈ-సేవగా విస్తరించినది. 2011లో మీ-సేవ వచ్చినది. మహారాష్ట్రలో ప్రజాసేవల హక్కు చట్టం 2015లో అమలులోకి రాగా, ఆ చట్టం క్రింద ప్రకటించిన సేవలకు ఆప్లే సర్కార్ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకొనే వీలు కలిగినది.

ఈ-సేవ కేంద్రంలో కంప్యూటరు ఉన్నప్పటికీ దాని వెనుక ఒక ఉద్యోగి ఉండేవాడు. ఎదుట నిలబడిన మనిషిని చూచి, చేతిలోని కాగితాన్ని చూచి, ఇద్దరూ ఒకటే అన్న నిర్ణయం అతడే చేసేవాడు. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే నవ్వి సరిదిద్దేవాడు. స్వయం నమోదులో ఆ ఉద్యోగి లేడు. అతడు ఒక్క చూపులో చేసిన పనిని ఇప్పుడు గడులు, సంఖ్యలు, సందేశాలు చేయవలసి ఉన్నది. స్వయం నమోదులోని చిక్కులన్నీ ఈ ఒక్క మార్పు నుంచి పుట్టినవే.

మూడు వేర్వేరు వస్తువులు

నమోదును అర్థం చేసుకోవడానికి మొదట మూడింటిని విడదీసి చూడాలి. మొదటిది రికార్డు: సంస్థ పుస్తకాలలో ముందునుంచి ఉన్న వివరం. ఉదాహరణకు ఒక ఇంటి మీటరు, దాని సంఖ్య, బకాయి. రెండవది వ్యక్తి: ఆ ఇంటిలో ఉండి బిల్లు కట్టే మనిషి. మూడవది ఖాతా: పోర్టల్‌లో ఆ మనిషి వాడే పేరు, పాస్‌వర్డు. స్వయం నమోదు అంటే ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి ముడివేయడం. ఖాతా తెరవడం సులభమే. ఆ ఖాతాను సరైన రికార్డుకు, సరైన వ్యక్తికి కట్టడమే కష్టం.

అందుచేత పోర్టళ్లలో సాధారణంగా మూడు పద్ధతులు కనబడతాయి.

మొదటిది బహిరంగ పద్ధతి. ఇందులో ముందస్తు రికార్డు ఏదీ ఉండదు. ఎవరైనా ఖాతా తెరవవచ్చు. 2002లో ప్రారంభమైన రైల్వే టికెట్ల పోర్టల్, ఐఆర్‌సీటీసీ, చాలాకాలం ఈ విధంగానే నడిచినది. బల్లార్షా జంక్షన్ నుంచి హైదరాబాదుకో, నాగపూర్‌కో వెళ్లే ప్రయాణికుడు కొద్దిపాటి వివరాలతో ఖాతా పొందేవాడు. ఇదే సౌకర్యాన్ని దళారులు యంత్రాల సాయంతో లెక్కలేనన్ని ఖాతాలు సృష్టించుకోవడానికి వాడుకున్నారు. 2025లో రెండున్నర కోట్లకు పైగా అనుమానాస్పద ఖాతాలను నిలిపివేసినట్లు ప్రభుత్వం ప్రకటించినది. ఆ సంవత్సరం జులై 1 నుంచి తత్కాల్ టికెట్లను ఆధార్‌తో ధ్రువీకరించుకున్న ఖాతాదారులకే ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు. తలుపు బార్లా తెరచి, ఇరవై ఏళ్ల తరువాత తాళం వేయవలసివస్తే, ఆ భారం నిజమైన ప్రయాణికుని మీదకూడా పడుతుంది.

రెండవది జోడింపు పద్ధతి. సంస్థ వద్ద ముందే ఉన్న రికార్డుతో సరిపోలితేనే ఖాతా తెరుచుకుంటుంది. విద్యుత్తు, నీరు, గ్యాసు, బ్యాంకు వంటి సేవలన్నీ ఈ కోవలోనివి.

మూడవది ఆమోద పద్ధతి. వినియోగదారుడు వివరాలు, పత్రాలు సమర్పించిన పిదప ఒక ఉద్యోగి పరిశీలించి అనుమతిస్తాడు. ఇది భద్రమైనది, కాని నిదానమైనది. ఆప్లే సర్కార్ పోర్టల్ రెండు మార్గాలను పక్కపక్కన ఉంచినది: మొబైలు సంఖ్యతోను, దానికి వచ్చే ఓటీపీతోను చేసుకొనే క్లుప్తమైన నమోదు ఒకటి, ఫొటో, గుర్తింపు పత్రం, చిరునామా పత్రం జతచేసి చేసుకొనే పూర్తి నమోదు మరొకటి. అవసరాన్నిబట్టి మెట్లను ఇలా వేరుచేయడం అనుసరింపదగిన పద్ధతి.

మహావితరణ్ ఉదాహరణ

చంద్రపూర్‌లో స్థాపిత సామర్థ్యం 2,920 మెగావాట్లు గల మహానిర్మితి థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. అయితే ఉత్పత్తి ఒక సంస్థది, ఇంటింటికీ పంపిణీ మరొక సంస్థది. 2005లో మహారాష్ట్ర రాష్ట్ర విద్యుత్ మండలిని విభజించినప్పుడు పంపిణీ బాధ్యత మహావితరణ్‌కు వచ్చినది. జిల్లాలోని ఇళ్లకు బిల్లు పంపేది ఆ సంస్థయే.

మహావితరణ్ బిల్లుపై 12 అంకెల వినియోగదారు సంఖ్య, 4 అంకెల బిల్లింగ్ యూనిట్ సంఖ్య ముద్రించి ఉంటాయి. పోర్టల్‌లోగాని, మొబైల్ యాప్‌లోగాని నమోదు చేసుకొనేవారికి ఈ సంఖ్యలే ఆధారం. ఒకే ఖాతాలో ఒకటికంటె ఎక్కువ కనెక్షన్లను చేర్చుకొనే వీలుకూడా ఉన్నది. ఊళ్లో ఇల్లు, పొలంలో పంపుసెట్టు, పట్నంలో దుకాణం ఉన్న కుటుంబానికి ఇది ఉపయుక్తం. నమోదైనవారు బిల్లు చూడటం, కట్టడం, ఫిర్యాదు చేయడం, మీటరు రీడింగు పంపడం వంటివి ఇంటినుంచే చేసుకోవచ్చు. కాగితపు బిల్లు వద్దనుకొని గో-గ్రీన్ పథకంలో చేరినవారికి బిల్లుకు 10 రూపాయల చొప్పున తగ్గింపుకూడా లభిస్తుంది.

ఇక్కడ గమనింపదగిన అంశం ఒకటి ఉన్నది. వినియోగదారు సంఖ్య రహస్యం కాదు. బిల్లు తలుపు సందులో పెట్టి వెళతారు. కిరాణా దుకాణంలో జెరాక్సు తీయిస్తారు. చిరునామా రుజువుగా పది చోట్ల ఇస్తారు. బిల్లును చూచిన ప్రతివానికీ ఆ సంఖ్యలు తెలిసినట్లే. కావున ఆ సంఖ్య 'ఇది ఏ మీటరు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలదుగాని, 'అడుగుతున్నది ఎవరు' అన్న ప్రశ్నకు చెప్పలేదు. గుర్తింపు వేరు, రుజువు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి కట్టిన పోర్టల్‌లో భద్రత ఉండదు. రుజువుకోసం నేడు దేశమంతటా వాడుకలో ఉన్నది మొబైలు సంఖ్య, దానికి వచ్చే ఓటీపీ.

ఓటీపీ బలం, బలహీనత

ఆరంకెల ఓటీపీకి పది లక్షల అవకాశాలు ఉంటాయి. ఎన్నిసార్లయినా ప్రయత్నించనిస్తే యంత్రం వాటన్నిటినీ కొద్దిసేపటిలో సరిచూడగలదు. అందువల్ల మూడు లేక ఐదు తప్పులకు మించి అనుమతించరాదు; కొద్ది నిమిషాలకు సంకేతం చెల్లకుండా పోవాలి; ఒకసారి వాడినది రెండవసారి పనిచేయరాదు. అదే విధంగా వరుస సంఖ్యలుగా ఉండే వినియోగదారు సంఖ్యలను యంత్రం ఒకదాని తరువాత ఒకటి ప్రయోగించకుండా హద్దు పెట్టాలి.

భారతదేశంలో సంస్థలు పంపే సందేశాలకు ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం, పంపే సంస్థ పేరును, సందేశపు నమూనాను టెలికాం కంపెనీల నమోదు వేదికపై ముందుగా రిజిస్టరు చేయాలి. రిజిస్టరు కాని నమూనా వినియోగదారునికి చేరదు. కొత్తగా పోర్టల్ తెరచే చిన్న సంస్థలు ఈ పనిని చివరిదాకా మరచిపోయి, ప్రారంభోత్సవం నాడు ఓటీపీలు రావడం లేదని వెదుక్కోవడం జరుగుతూ ఉంటుంది. భాష విషయంలో మరొక లెక్క ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలలో ఒక సందేశానికి 160 అక్షరాలు పట్టగా, తెలుగులోగాని మరాఠీలోగాని 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తులుకూడా విడిగా లెక్కకు వస్తాయి. సందేశం పొడుగైతే రెండు ముక్కలవుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. కావున మాతృభాషలో పంపదలచిన సంస్థ మాటను క్లుప్తంగా కూర్చుకోవాలి. సంకేతపు అంకెలను వాక్యం మొదటనే ఉంచాలి.

ఓటీపీ అసలు బలహీనత మాత్రం సాంకేతికమైనది కాదు. అది మనిషిని రుజువు చేయదు. ఫోను ఎవరి చేతిలో ఉన్నదో మాత్రమే రుజువు చేస్తుంది. ఫోను ఎవరిదైతే ఖాతా వారిది. సరిహద్దు పల్లెలలో ఈ ఒక్క విషయం అనేక చిక్కులకు మూలమవుతున్నది.

ఫోను సంఖ్య చేతులు మారినప్పుడు

ఇంటిలో స్మార్టు ఫోను లేనివారు సేవాకేంద్రానికో, ఇంటర్నెట్టు దుకాణానికో వెళతారు. అక్కడ పని త్వరగా ముగించే ఉద్దేశంతో దుకాణదారుడు తన మొబైలు సంఖ్యనే గడిలో నింపడం కద్దు. ఆ క్షణానికి పని జరిగిపోతుంది. తరువాత దరఖాస్తు తిరస్కరింపబడినా, అదనపు పత్రం అడిగినా, ధ్రువపత్రం సిద్ధమైనా, ఆ సమాచారం దరఖాస్తుదారునికి చేరదు. పాస్‌వర్డు మార్చాలన్నా ఆ దుకాణానికే వెళ్లాలి. దుకాణం మూతపడితే ఖాతాకూడా మూతపడినట్లే. వరుసలో నిలబడనక్కరలేదన్న సౌకర్యం ఆ విధంగా మరొకరి దయమీద ఆధారపడే స్థితిగా మారుతుంది.

రెండవ సందర్భం వలస. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలనుంచి మిర్చి ఏరే కూలీలు ప్రతి సంవత్సరం తెలంగాణలోని ఖమ్మం, వరంగల్ ప్రాంతాలకు వెళతారు. ఇంటిలో ఉన్న ఒకే ఒక ఫోను వెళ్లినవారితో వెళుతుంది. ఓటీపీ అడిగే పోర్టల్ ముందు ఇంటివద్ద మిగిలిన పెద్దవారికి దారి ఉండదు. కొత్త ఊళ్లో కొత్త సిమ్ము కొని పాతదానిలో డబ్బు వేయకుండా వదిలేసినవారి సంఖ్య కొన్నాళ్లకు రద్దవుతుంది. రద్దయిన సంఖ్యను 90 రోజులదాకా మరొకరికి కేటాయించరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలియజేసినది. అంటే ఆ గడువు తీరాక అదే సంఖ్య పరాయివారి చేతికి రావచ్చును. పాత సంఖ్యతో ముడివడిన ప్రతి ఖాతాకు ఓటీపీ ఆ పరాయివారికే వెళుతుంది.

కావున స్వయం నమోదును నిర్మించేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న 'ఖాతా ఎలా తెరవాలి' అన్నది కాదు, 'ఫోను పోయిననాడు ఖాతాను తిరిగి ఎలా ఇవ్వాలి' అన్నది. సాధారణంగా దీనిని అందరికంటె చివర ఆలోచిస్తారు. ఆ లోపం బయటపడేనాటికి వేలమంది ఖాతాలు తప్పు సంఖ్యలకు కట్టుబడి ఉంటాయి.

పేరుతో పేచీ

తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. చాలామంది దానిని ఒక పొడి అక్షరంగా మాత్రమే వ్రాస్తారు. మరాఠీ సంప్రదాయంలో మొదట సొంతపేరు, తరువాత తండ్రి పేరు లేక భర్త పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. పోర్టల్‌లో 'మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు' అని మూడు గడులు ఉంటే తెలుగు వినియోగదారుడు ఏ గడిలో ఏది నింపాలో తేల్చుకోలేడు. ఒక కార్యాలయంలో ఒక విధంగా, మరొక కార్యాలయంలో మరొక విధంగా నమోదవుతుంది.

అక్షరాల తేడాలు దీనికి తోడు. తెలుగువారు 'త'కారాన్ని ఇంగ్లీషులో టీ, హెచ్ అక్షరాలు కలిపి వ్రాస్తారు. మరాఠీవారు ఒక్క టీతో సరిపెడతారు. లక్ష్మి అన్న పేరును కొందరు ఎక్స్ అక్షరంతోను, కొందరు కే, ఎస్, హెచ్ అక్షరాలతోను వ్రాస్తారు. తెలుగు పేరు మొదట మరాఠీలోకి, అక్కడనుంచి యంత్రం ద్వారా ఇంగ్లీషులోకి మారేసరికి సొంతదారే గుర్తుపట్టలేని రూపం తయారవుతుంది. ఒక్క అక్షరం తేడాకు నమోదును తిరస్కరించే పోర్టల్ దొంగలను ఆపదు, ఎందుకంటే దొంగ బిల్లుమీద ఉన్నది ఉన్నట్లు దింపుకుంటాడు. ఆపబడేది తన పేరు తనకు తెలిసినట్లు వ్రాసే యజమానియే.

దీనికి పరిష్కారం క్లిష్టమైనది కాదు. జోడింపు సంఖ్యతో జరగాలి, పేరుతో కాదు. పేరును ఒకే గడిలో, ఎవరు ఎలా పలుకుకుంటారో అలా నింపనివ్వాలి. పేరులో తేడా కనిపిస్తే తిరస్కరించక, పరిశీలనకోసం ఉద్యోగికి పంపాలి.

మరొక సాధారణ సమస్య: చాలా ఇళ్ల మీటర్లు ఎన్నడో గతించిన తాతల పేరనో, ఇల్లు అమ్మివెళ్లినవారి పేరనో ఉంటాయి. బిల్లు కట్టేది మనుమడో, అద్దెకున్నవారో. ఇట్టి స్థితిలో బిల్లు చూచి చెల్లించే హక్కును, కనెక్షను పేరు మార్చే హక్కును వేరుచేయాలి. మొదటిది స్వయం నమోదుతో ఇవ్వవచ్చును. రెండవది పత్రాలు చూడకుండా ఇవ్వరాదు.

రెండు రాష్ట్రాల రికార్డులలో ఒకే కుటుంబం

జివతి తాలూకాలోని పద్నాలుగు గ్రామాలు ఈ సమస్యకు చివరి అంచు. పరంధోళి, అంతాపూర్, ముకదంగూడ, భోలాపటార్ వంటి ఈ ఊళ్లపై మహారాష్ట్ర, తెలంగాణ రెండూ హక్కు చెప్పుకుంటున్నవి. తెలంగాణ లెక్కలో ఇవి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోనివి. ఇక్కడి కుటుంబాలకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రేషను కార్డులు ఉన్న సంగతి పత్రికలలో అనేకమార్లు వచ్చినది. ఈ గ్రామాలను చంద్రపూర్ జిల్లాలో పూర్తిగా కలిపే ప్రక్రియ చేపడుతున్నట్లు 2025 జులైలో మహారాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినది.

పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, తాలూకా అని వరుసగా ఎంచుకోవలసిన జాబితాలు ఉంటాయి. ఒకటి ఎంచుకుంటే రెండవది మాయమవుతుంది. ఇటువంటి ఊరివారికి ఆ ఎంపిక కేవలం గడి నింపడం కాదు. ఏ ప్రభుత్వపు సేవ అందుతుందో, ఏది ఆగుతుందో తేల్చే నిర్ణయం. చిరునామా జాబితా ఎంత జాగ్రత్తగా తయారుచేసినా, 'మా ఊరు ఇందులో లేదు' అని చెప్పుకొనే ఒక మార్గం తప్పక ఉండాలి.

ఏర్పాటు చేసే సంస్థకు కార్యక్రమం

పెద్ద కంపెనీలే కాక, పట్టణంలోని సహకార పతసంస్థలు, మునిసిపాలిటీలు, విద్యాసంస్థలు, కేబుల్ సంస్థలుకూడా నేడు పోర్టళ్లు తెరుస్తున్నవి. వాటికి ఈ క్రింది క్రమం ఉపయోగపడుతుంది.

1. ముందుగా పాత రికార్డును శుభ్రపరచాలి. ఒకే మనిషి రెండుసార్లు ఉన్నచోట కలపాలి. తప్పు ఫోను సంఖ్యలను తీసివేయాలి. రికార్డులో తప్పు ఉంటే నమోదు ఆ తప్పునే స్థిరపరుస్తుంది.

2. ప్రతి వినియోగదారునికీ ఒక స్థిరమైన సంఖ్య ఉండాలి. రసీదుపై అది పెద్ద అక్షరాలలో, నాలుగేసి అంకెలుగా విడదీసి అచ్చుకావాలి.

3. అవసరమైన వివరాలే అడగాలి. బిల్లు కట్టడానికి పుట్టినతేదీ, వృత్తి, వైవాహికస్థితి అక్కరలేదు. అడిగిన ప్రతి వివరాన్ని కాపాడవలసిన భారం సంస్థదే.

4. రికార్డులో ముందే ఉన్న మొబైలు సంఖ్యకే ఓటీపీ పంపాలి. నమోదు సమయంలో కొత్తగా ఇచ్చిన సంఖ్యకు పంపితే ఏ రుజువూ జరగనట్లే. బిల్లు చూచినవాడు తన సంఖ్య ఇచ్చి లోపలికి రాగలడు.

5. రికార్డులో సంఖ్య లేనివారికి, మారినవారికి కార్యాలయంలో ఒక కిటికీ తెరచి ఉంచాలి. గుర్తింపు పత్రం చూచి ఉద్యోగి సంఖ్యను మార్చాలి. మార్పు జరిగిన వెంటనే పాత సంఖ్యకుకూడా సమాచారం పంపాలి.

6. తప్పు సంకేతం కొట్టినప్పుడు 'ఈ సంఖ్య మావద్ద ఉన్నది, పాస్‌వర్డు మాత్రమే తప్పు' అన్న విధంగా జవాబు ఇవ్వరాదు. అది దొంగకు సగం దారి చూపడమే. రెండు సందర్భాలలోనూ ఒకే జవాబు రావాలి.

7. పాస్‌వర్డు పొడుగుగా ఉండాలని కోరడం మేలు. నెలనెలా మార్చమనడం, చిత్రవిచిత్రమైన గుర్తులు తప్పనిసరి చేయడం వలన దానిని బిల్లు వెనుక వ్రాసిపెట్టుకునే అలవాటు పెరుగుతుంది.

8. ఒకే మొబైలు సంఖ్యతో ఎన్ని ఖాతాలు తెరవవచ్చో హద్దు ఉండాలి. ఒకే సంఖ్య పదుల ఖాతాలలో కనిపిస్తే అది దుకాణపు సంఖ్య అయి ఉంటుంది. వారిని నిషేధించడంకంటె, సహాయకులుగా విడిగా నమోదు చేసి, వినియోగదారుని సొంత సంఖ్యనుకూడా రికార్డులో చేర్చడం మంచిది.

9. పోర్టల్ తెరచేముందు పదిమంది నిజమైన వినియోగదారులచేత, వారి వారి ఫోన్లపై, పక్కన ఎవరూ చెప్పకుండా నమోదు చేయించి చూడాలి. వారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ గడిని మార్చాలి, వారిని కాదు.

చట్టం చెప్పేది

వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించినది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సంస్థలపై ప్రధాన బాధ్యతలు మోపే భాగాలు ప్రకటన తేదీనుంచి 18 నెలలకు అమలులోకి వచ్చేట్లు గడువు ఇవ్వబడినది. ఈ చట్టం ప్రకారం, ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే ప్రకటనను ఇంగ్లీషులోగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోగాని చదువుకొనే వీలు పౌరునికి ఉండాలి. ఆ 22 భాషలలో తెలుగు ఉన్నది, మరాఠీ ఉన్నది. ఏ రాష్ట్రంలో నివసిస్తున్నాడన్నదానితో దీనికి సంబంధం లేదు. ఆప్లే సర్కార్ వంటి పోర్టళ్లు మరాఠీ, ఇంగ్లీషు భాషలలో నడుస్తున్న చంద్రపూర్‌లో ఇది తెలుగు కుటుంబాలకు గుర్తుంచుకోదగిన హక్కు. అయితే ఇదే జిల్లాలో వేలాదిమంది మాట్లాడే గోండీ భాష ఆ షెడ్యూలులో లేదు. వారికోసం సంస్థలు చట్టం చెప్పకపోయినా మాటసాయం ఏర్పాటు చేయవలసి ఉంటుంది.

తప్పు వివరాన్ని సరిచేయించుకోవడం, అవసరం తీరిన వివరాన్ని తొలగించమని కోరడం, తన తదనంతరం ఈ హక్కులను వినియోగించే వ్యక్తిని పేర్కొనడం కూడా ఈ చట్టంలో ఉన్నవి.

వినియోగదారుడు చూసుకోవలసినవి

నమోదు సమయంలో మొబైలు గడిలో ఎవరి సంఖ్య పడిందో వినియోగదారుడు తానే చూసుకోవాలి. తనకు ఫోను లేకుంటే ఇంటిలోని కొడుకుదో కోడలిదో ఇవ్వాలిగాని, దుకాణదారునిది ఇవ్వరాదు. సిమ్ము మార్చదలచినవారు పాతది రద్దు కాకముందే విద్యుత్తు, గ్యాసు, బ్యాంకు, ఆధార్ రికార్డులలో కొత్త సంఖ్యను చేర్పించుకోవాలి; పాతది పోయిన తరువాత అదే పని పదింతల కష్టం. మహావితరణ్ వినియోగదారులు బిల్లుపై ఉన్న సంఖ్యలకుగాని, 1912కుగాని ఫోను చేసి తమ సంఖ్యను ఎలా నమోదు చేయించాలో తెలుసుకోవచ్చును.

'బిల్లు కట్టలేదు, ఈ రాత్రి కరెంటు తీసివేస్తాము, ఈ సంఖ్యకు ఫోను చేయండి' అన్న మోసపు సందేశాలు 2022లో దేశంలో పలుచోట్ల వ్యాపించగా, మహావితరణ్‌తోసహా పంపిణీ సంస్థలు వినియోగదారులను హెచ్చరించవలసి వచ్చినది. సంస్థ తన పేరుతో పంపే సందేశం వేరు, పదంకెల సొంత సంఖ్యనుంచి వచ్చేది వేరు. ఓటీపీ అడిగేవారు ఎంత మర్యాదగా మాట్లాడినా చెప్పరాదు. అది ఖాతా తాళంచెవి. సంస్థ ఉద్యోగికి దానితో అవసరం ఉండదు.

స్వయం నమోదు వల్ల వరుసలు తగ్గినవి, దూరపు పల్లెవారికి పనిదినం మిగిలినది. ఈ మేలు చిన్నది కాదు. అయితే కిటికీ వెనుక ఉద్యోగి ఉన్ననాడు మనిషిని చూచి తలుపు తీసేవాడు. నేడు ఫోనును చూచి తలుపు తెరుచుకుంటున్నది. ఆ ఫోను మనిషినుంచి విడిపోయిన రోజున తిరిగి మనిషిని చూచే కిటికీ ఒకటి ప్రతి సంస్థా తెరచి ఉంచినప్పుడే, స్వయం నమోదు పేరుకు తగినట్లు వినియోగదారుని స్వయం అధికారంలో ఉంటుంది.